భుజం రెండోసారి జారింది: మళ్లీ కబడ్డీ ఆడాలంటే ఏం చేయాలి?

తిమ్మమ్మ మర్రి (అనంతపురం జిల్లా)

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ కళాశాల కబడ్డీ జట్టులో కూతకు వెళ్లే రైడరుగా ఆడుతున్నాను. పోయిన ఏడాది మా పక్క ఊరి తిరుణాల పోటీల్లో ముగ్గురు కలిసి నన్ను పట్టుకున్నప్పుడు, మధ్య గీతను అందుకోవాలని కుడి చేతిని తలకు పైగా బారచాచాను. అదే సమయంలో కవర్ స్థానంలో కాపుకాస్తున్న ఆటగాడు నా చేతిని పట్టి వెనక్కి గుంజడంతో భుజం కీలు తప్పింది. ఆసుపత్రిలో మత్తు ఇచ్చి కీలును సరిగ్గా కూర్చోబెట్టి, మూడు వారాలు స్లింగు వేసుకోమన్నారు. తరువాత నొప్పి పూర్తిగా పోయింది, చేయి అన్ని వైపులా తిరిగింది, కాబట్టి మళ్లీ ఆటలోకి వచ్చాను.

ఇప్పుడు విశ్వవిద్యాలయ జట్టు ఎంపికల కోసం సాధన చేస్తుండగా అదే భుజం మళ్లీ జారింది. ఈసారి నన్నెవరూ బలంగా గుంజలేదు. పక్కకు వాలి చేయి నేలకు ఆనించానంతే. వైద్యుడు ఎమ్మారై తీయించమన్నారు, ఆపరేషన్ అవసరం కావచ్చని కూడా చెప్పారు. ఊళ్లో పెద్దలు పుత్తూరు కట్టు, అంటే విరిగిన ఎముకలకు వేసే నాటు కట్టు, కట్టించమంటున్నారు. జట్టులోని అన్నలు భుజానికి బెల్టు బిగించుకుని ఆడితే చాలంటున్నారు. మా నాన్న వేరుశనగ రైతు; ఆపరేషన్ చేస్తే ఆ చేయి రేపు బస్తా ఎత్తడానికి పనికొస్తుందా అని ఆయన దిగులు. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

తుంగభద్ర తీరం (కర్నూలు)

తమ్ముడూ, నేను కర్నూలులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మిమ్మల్ని చూడకుండా నిర్ధారణ చేయలేను, చేయకూడదు కూడా. అయితే మీ వైద్యుడు ఎమ్మారై ఎందుకు అడిగారో, మీకు వస్తున్న సలహాల్లో ఏది ఎంతవరకు నిజమో వివరించగలను.

మన శరీరంలో అన్ని వైపులా అంతగా తిరిగే కీలు భుజం ఒక్కటే. ఆ స్వేచ్ఛ కోసమే దాని నిర్మాణంలో స్థిరత్వం తగ్గింది. చేతి ఎముక తల పెద్దది, అది కూర్చునే గుంట చిన్నది, లోతు లేనిది. చిన్న గరిటె మీద పెద్ద నిమ్మకాయను నిలబెట్టినట్టు ఉంటుంది. ఆ నిమ్మకాయ దొర్లిపోకుండా గుంట అంచు చుట్టూ మెత్తటి ఎముకలాంటి ఒక పట్టీ ఉంటుంది, దాన్ని లాబ్రమ్ అంటారు. దానికి తోడు కీలు చుట్టూ ఉండే స్నాయువులూ, రొటేటర్ కఫ్ అని పిలిచే నాలుగు కండరాలూ ఎముక తలను గుంటలోకి అదిమి పట్టి ఉంచుతాయి. చేయి పక్కకు లేచి ముంజేయి వెనక్కి తిరిగి ఉన్నప్పుడు ఎవరైనా గుంజితే ఎముక తల ముందువైపుకు జారుతుంది. భుజాలు జారిన సందర్భాల్లో నూటికి 95 ఇలా ముందుకు జారేవే. అలా జారేటప్పుడు అంచు పట్టీ ముందు భాగం చిరిగి ఊడిపోవడం మామూలు. ఈ చిరుగును బ్యాంకార్ట్ గాయం అంటారు. బ్యాంకార్ట్ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు దాని గురించి 1923లోనే రాశారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. నొప్పి తగ్గడం వేరు, చిరిగిన పట్టీ సరైన చోట అతుక్కోవడం వేరు. వాపు తగ్గగానే నొప్పి పోతుంది, చేయి పైకి లేస్తుంది, కానీ పట్టీ జారిన చోటే మానిపోతే గుంట అంచు వదులుగానే ఉండిపోతుంది. ఇరవై ఏళ్ల లోపు మొదటిసారి జారిన భుజాల్లో సగానికి పైగా మళ్లీ జారతాయి. వయసు పెరిగేకొద్దీ ఆ ప్రమాదం తగ్గుతుంది. మీది కుర్ర వయసు, ఆడేది ఒంటిని పట్టి లాగే ఆట. అందువల్ల మీకు మళ్లీ జారడంలో వింతేమీ లేదు, అందులో మీ తప్పూ లేదు.

మూడు విషయాలు తెలిస్తే మరికొంత చెప్పగలను. భుజం బయటి వైపు, అంటే చొక్కా చేతి పైభాగం తగిలే చోట, స్పర్శ మామూలుగానే ఉందా? రెండోసారి కీలు దానంతట అదే లోపలికి పోయిందా, లేక వైద్యుడే కూర్చోబెట్టారా? బస్సులో పైకమ్మీ పట్టుకున్నప్పుడు, తల దువ్వుకున్నప్పుడు భుజం జారిపోతుందేమోనన్న భయం కలుగుతోందా?

ఎర్రమల కొండలు (నంద్యాల)

మా ఇంట్లో ఇద్దరికి ఎముకలు విరిగినప్పుడు పుత్తూరు కట్టుతోనే నయమైంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన రాసి వెదురు బద్దలతో కట్టిన కట్టు గట్టిగా నిలిచింది, ఖర్చు కూడా తక్కువే. కత్తి పెట్టించుకోవడానికి ముందు ఒకసారి అది ప్రయత్నించడంలో నష్టమేమిటి? రాయలసీమలో తరతరాలుగా నమ్మకం ఉన్న వైద్యాన్ని అంత తేలికగా తోసిపుచ్చకూడదని నా అభిప్రాయం.

పెన్నా గట్టు (కడప)

నేను ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా చేసి పదవీ విరమణ పొందాను. ఎర్రమల కొండలు గారి నమ్మకాన్ని నేను కించపరచను; మా పాత తరంలో పుత్తూరు వెళ్లి రాని కుటుంబం అరుదు. అయితే రెండు రకాల దెబ్బలను మనం వేరు చేసి చూడాలి. విరిగిన ఎముక కదలకుండా ఉంటే అతుక్కుంటుంది, కట్టు చేసే పని కదలకుండా ఉంచడమే. కీలు తప్పడం అలాంటిది కాదు. లోపల చిరిగిన పట్టీని బయట కట్టే ఏ బద్దా దాని చోటికి తీసుకురాలేదు. పైగా ఈ అబ్బాయి భుజం ఇప్పటికే స్థానంలో కూర్చుంది, ఇంకా కట్టి ఉంచితే కండరాలు సన్నబడతాయి.

దీనికన్నా ముఖ్యమైన మాట మరొకటి. కీలు తప్పిన వెంటనే మైదానంలోనే ఎవరో ఒకరు కాలు అడ్డం పెట్టి చేతిని గుంజి సరిచేసే అలవాటు మన పల్లె పోటీల్లో ఇంకా ఉంది. ఎముక కూడా విరిగి ఉంటే ఆ గుంజుడుతో విరిగిన ముక్క పక్కకు జరుగుతుంది. భుజం కింద నుంచి పోయే నరం, రక్తనాళం దెబ్బతినవచ్చు. ఎక్స్‌రే తీయకుండా ఎవరూ లాగకూడదు. చేయి ఏ భంగిమలో ఉందో అలాగే ఉంచి, పక్కటెముకలకూ చేతికీ మధ్య మడిచిన తువ్వాలు పెట్టి, మరో తువ్వాలుతో ఒంటికి కలిపి కట్టాలి. మణికట్టు దగ్గర నాడి ఆడుతోందో లేదో, వేళ్లు కదులుతున్నాయో లేదో చూడాలి. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచవచ్చు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి ఆసుపత్రికి చేరేదాకా ఏమీ తినిపించకూడదు, తాగించకూడదు. పాపం, మనవాళ్లు ప్రేమకొద్దీ ముందుగా చేసేది సోడా తాగించడమే. వేళ్లు చల్లబడినా, తెల్లబడినా, తిమ్మిరెక్కినా ఒక్క నిమిషం ఆలస్యం చేయకూడదు.

పోటీలు నిర్వహించే ఊరి పెద్దలు మైకూ, కప్పూ సిద్ధం చేసినంత శ్రద్ధగా ఒక స్ట్రెచరునూ, ఆసుపత్రికి బండినీ సిద్ధంగా ఉంచాలని నేను ఎప్పటినుంచో అడుగుతున్నాను. ఇక్కడ కూడా అడుగుతున్నాను.

తిమ్మమ్మ మర్రి (అనంతపురం జిల్లా)

అన్నా, సార్, ఇద్దరికీ కృతజ్ఞతలు. భుజం బయటి వైపు మొదటి వారం కొంచెం మొద్దుబారినట్టు ఉండింది, ఇప్పుడు స్పర్శ మామూలుగానే ఉంది. రెండోసారి నేను లేచి కూర్చునేలోపే కీలు దానంతట అదే లోపలికి పోయింది. ఇక భయం సంగతి మీరు సరిగ్గా అడిగారు. బస్సులో ఇప్పుడు ఎడమ చేత్తోనే కమ్మీ పట్టుకుంటున్నాను. రాత్రి నిద్రలో చేయి తల కిందికి పోతే ఉలిక్కిపడి లేస్తున్నాను.

తుంగభద్ర తీరం (కర్నూలు)

స్పర్శ తిరిగి రావడం మంచి విషయం. ఆ చోట స్పర్శను మోసే నరమే భుజం మీది పెద్ద కండరాన్ని కూడా పనిచేయిస్తుంది, కాబట్టి వైద్యుడికి ఆ మొద్దుబారిన సంగతి తప్పక చెప్పండి. మిగిలిన రెండు జవాబులూ కీలు వదులుగా ఉందనే సూచిస్తున్నాయి. చిన్న ఒత్తిడికే జారి, దానంతట అదే వెనక్కి పోయే భుజం ప్రతిసారీ కొంత నష్టం చేసుకుంటూనే పోతుంది. ఎముక తల గుంట అంచుకు రాసుకున్నప్పుడల్లా ముందు అంచు అరిగిపోతుంది, ఎముక తల వెనుక భాగంలో నొక్కుపడుతుంది. మామూలు ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ అంచు పట్టీ కనిపించదు. అందుకే ఎమ్మారై. కొన్నిసార్లు కీలులోకి మందు ఎక్కించి తీస్తారు, అప్పుడు చిరుగు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఎముక ఎంత అరిగిందో కొలవడానికి సీటీ స్కాన్ కూడా అడగవచ్చు.

ఆ కొలతను బట్టే శస్త్రచికిత్స రకం మారుతుంది. అరుగుదల తక్కువగా ఉంటే చిన్న రంధ్రాల ద్వారా కెమెరా పంపి, ఊడిన పట్టీని చిన్న చిన్న యాంకర్లతో, అంటే దారం కట్టిన మేకుల్లాంటి వాటితో, గుంట అంచుకు తిరిగి కుట్టేస్తారు. గుంటలో దాదాపు అయిదో వంతు, అంతకన్నా ఎక్కువ అరిగిపోతే కుట్టు నిలవదు. అప్పుడు పక్కనే ఉన్న మరో చిన్న ఎముక ముక్కను దాని కండరంతో సహా తెచ్చి గుంట ముందు అంచుకు స్క్రూలతో బిగిస్తారు. దాన్ని లాటర్జే పద్ధతి అంటారు. అరుగుదల పెరగకముందే చిన్న ఆపరేషన్‌తో బయటపడటం మేలు కాబట్టే, రెండోసారి జారిన కుర్ర ఆటగాళ్లకు వైద్యులు శస్త్రచికిత్స మాట ఎత్తుతారు.

వ్యాయామంతోనే సరిపెట్టుకునేవారు లేరా అంటే ఉన్నారు. ఎత్తి విసిరే పనీ, పట్టు ఆటలూ లేని జీవితమైతే కండరాలను బలపరచుకుని హాయిగా గడపవచ్చు. నడివయసులో మొదటిసారి జారినవారికి మేమూ ముందు వ్యాయామమే చేయిస్తాం. బెల్టు విషయం మాత్రం ఖచ్చితంగా చెబుతాను: అది చేయి మరీ పైకి లేవకుండా కొంత అడ్డుకుంటుంది, జాగ్రత్తను గుర్తుచేస్తుంది, చిరుగును మాత్రం మాన్పదు. రైడరు చేయి చాచకుండా ఆడలేడు, చాచిన చేయికి బెల్టు రక్షణ అంతంతమాత్రం.

గండికోట లోయ (జమ్మలమడుగు)

నాకు క్రికెట్‌లో బంతి ఆపబోయి డైవ్ చేసినప్పుడు ఎడమ భుజం జారింది. ఆ తరువాత పలుమార్లు జారాక కెమెరా పద్ధతిలో ఆపరేషన్ చేయించుకున్నాను, ఇప్పుడు మళ్లీ ఆడుతున్నాను. 2021 మార్చిలో పుణెలో ఇంగ్లండ్‌తో వన్డేలో శ్రేయస్ అయ్యర్‌కు కూడా ఫీల్డింగ్ చేస్తుండగానే ఎడమ భుజం జారింది. ఏప్రిల్‌లో ఆపరేషన్ చేయించుకుని సెప్టెంబరులో ఐపీఎల్‌కు తిరిగి వచ్చాడు. అన్ని సౌకర్యాలూ, పక్కనే నిపుణులూ ఉన్న ఆటగాడికే అన్ని నెలలు పట్టిందంటే, మనం తొందరపడటంలో అర్థం లేదు.

వైద్యులు చెప్పని చిన్న చిన్న విషయాలు కొన్ని చెబుతాను, అవే రోజూ అక్కరకొస్తాయి. మొదటి వారాల్లో వెల్లకిలా పడుకుంటే భుజం వెనక్కి వాలి సలుపుతుంది. వీపు వెనుక రెండు దిండ్లు, మోచేయి కింద ఒక చిన్న దిండు పెట్టుకుని సగం కూర్చున్నట్టు పడుకుంటే నిద్ర పడుతుంది. ముందు గుండీలున్న వదులు చొక్కాలే వాడాలి. తొడుక్కునేటప్పుడు ఆపరేషన్ అయిన చేతిని ముందు దూర్చాలి, విప్పేటప్పుడు దాన్ని చివర తీయాలి. స్నానం చేసేటప్పుడు చంక కడుక్కోవాలంటే చేతిని పైకి ఎత్తకూడదు. నడుము దగ్గర ముందుకు వంగితే చేయి దానంతట అదే కిందికి వేలాడుతుంది, సందు దొరుకుతుంది. వేళ్లు, మణికట్టు, మోచేయి మాత్రం తొలిరోజు నుంచీ కదుపుతూ ఉండాలి, లేకపోతే అవి కూడా బిగుసుకుంటాయి. స్లింగు తీసేదాకా మోటారు సైకిలు ముట్టుకోకూడదు, ఆ తరువాత కూడా వైద్యుడు సరేనన్నాకే. బస్సులో భుజాన్ని ఎవరూ ఒరుసుకోకుండా కిటికీ వైపు సీటు చూసుకోవాలి.

అన్నిటికన్నా కష్టమైన కాలం స్లింగు వేసుకున్న వారాలు కాదు, మూడో నెల. అప్పటికి నొప్పి ఉండదు, చేయి తిరుగుతూ ఉంటుంది, స్నేహితులు మైదానానికి పిలుస్తారు. కుట్టిన పట్టీ మాత్రం లోపల ఇంకా ముదరలేదు. ఆ నెలలో నన్ను ఆపింది మా ఫిజియోథెరపిస్టు గట్టి మాటే.

మైదుకూరు పసుపు (మైదుకూరు)

నేను ఆటగాళ్ల తల్లిగా అడుగుతున్నాను. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025లో మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడినప్పటి నుంచి మా పాప బంతి వదలడం లేదు. దానికి పదమూడేళ్లు. ఈమధ్య బంతి దూరంగా విసిరినప్పుడల్లా భుజం పైభాగం నొప్పి అంటోంది, జారడం లాంటిదేమీ లేదు. నూనె రాసి మర్దన చేస్తున్నాను. ఇదీ అలాంటిదేనా, వేరేదా?

తుంగభద్ర తీరం (కర్నూలు)

అమ్మా, ఇది వేరు, అయినా తేలికగా తీసుకోవద్దు. ఎదిగే పిల్లల్లో చేతి ఎముక పై కొసన ఎముక పెరిగే మెత్తటి పొర ఉంటుంది. పదే పదే విసరడం వల్ల ఆ పొర ఒత్తిడికి లోనై నొప్పి చేస్తుంది. మర్దన దానికి మందు కాదు, విశ్రాంతే మందు. అలాంటి నొప్పికి విసరడం పూర్తిగా మానేసి సాధారణంగా మూడు నెలల దాకా ఆగమంటారు. రెండు భుజాలకూ ఎక్స్‌రే తీయించి పోల్చి చూడమని ఎముకల వైద్యుణ్ని అడగండి. అంతవరకూ పాపను పరుగు, కాళ్ల వ్యాయామం, నేలబారు ఫీల్డింగ్ చేయనివ్వండి, ఆట నుంచి పూర్తిగా దూరం చేయకండి. నయమైన తరువాత రోజూ ఎన్ని బంతులు వేస్తోందో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. శిక్షణ కేంద్రంలో, బడిలో, ఇంటి ముందు వేసేవన్నీ కలిపి లెక్కపెట్టాలి. ఒక్కొక్క చోట తక్కువే అనిపించినా మొత్తం కలిస్తే చాలా అవుతుంది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

నాకు నలభై ఎనిమిదేళ్లు, చక్కెర వ్యాధి ఉంది. షటిల్ ఆడుతుంటాను. భుజం పట్టేసి చేయి వెనక్కి పోవడం లేదు, రాత్రిళ్లు నొప్పి ఎక్కువ. కండరాలను బలపరిచే వ్యాయామం అని పైన అన్నారు కదా, అది నేనూ చేయవచ్చా?

తుంగభద్ర తీరం (కర్నూలు)

సార్, మీరు చెప్పిన లక్షణాలు బిగుసుకున్న భుజానికి దగ్గరగా ఉన్నాయి, చక్కెర వ్యాధి ఉన్నవారిలో ఇది ఎక్కువ. తిమ్మమ్మ మర్రి భుజం వదులై బాధపెడుతోంది, మీది బిగిసి బాధపెడుతోంది. ఒకరికి చెప్పిన వ్యాయామం మరొకరికి పనికిరాదు. చక్కెరను అదుపులో పెట్టుకుని వైద్యుణ్ని చూడండి. స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తామంటే, దానివల్ల కొన్ని రోజులు చక్కెర పెరుగుతుందన్నది గుర్తుంచుకోండి. మీ వయసువారందరికీ ఒక హెచ్చరిక: ఎడమ భుజం నొప్పితో పాటు చెమటలు పట్టినా, ఛాతీ బిగిసినా, ఆయాసం వచ్చినా అది ఆట దెబ్బ అనుకోకుండా 108కి ఫోన్ చేయండి.

శింగనమల చెరువు (అనంతపురం)

ఖర్చు గురించి ఎవరూ మాట్లాడలేదు, రైతు కుటుంబానికి అదే మొదటి ప్రశ్న. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఎముకల విభాగానికి ముందు వెళ్లండి. బత్తలపల్లిలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) ఆసుపత్రి ఉంది, పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది. పుట్టపర్తిలో వైద్యానికి రుసుము తీసుకోరు, కాబట్టి రద్దీ ఉంటుంది, ఓపిక పట్టాలి. ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో ఆ పథకం సహాయకుల బల్ల ఉంటుంది. మీకు సూచించిన ఆపరేషన్ పథకం కిందికి వస్తుందో లేదో, యాంకర్ల ఖర్చు కూడా అందులో కలుస్తుందో లేదో చేరడానికి ముందే వారిని అడగండి. ఆధార్, బియ్యం కార్డుతో పాటు మొదటిసారి జారినప్పటి ఎక్స్‌రే, డిశ్చార్జి కాగితం తప్పక తీసుకెళ్లండి. ఆ పాత ఎక్స్‌రేతో పోల్చి చూడటం వైద్యుడికి ఉపయోగపడుతుంది. ఆపరేషన్ తరువాత నెలల తరబడి ఫిజియోథెరపీకి వెళ్లే బస్సు ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోండి, చాలామంది మధ్యలో మానేసేది అక్కడే.

తిమ్మమ్మ మర్రి (అనంతపురం జిల్లా)

ఎమ్మారై వచ్చింది. అంచు పట్టీ ముందు భాగం ఊడిందని, ఎముక అరుగుదల కొద్దిగానే ఉందని చెప్పారు. కెమెరా పద్ధతి సరిపోతుందట. పరీక్షలు అయ్యాక చేయించుకుంటానని ఇంట్లో చెప్పాను, నాన్న ఒప్పుకున్నారు. ఎంపిక పోటీల నుంచి తప్పుకోవడం మాత్రం మనసుకు కష్టంగా ఉంది. ఆ ఒక్క రోజుకు నొప్పి ఇంజక్షన్ వేయించుకుని దిగమని జట్టులో కొందరు అంటున్నారు. ఆపరేషన్ దాకా నేను ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు?

పెన్నా గట్టు (కడప)

బాబూ, నొప్పి ఇంజక్షన్ వేసుకుని దిగిన ఆటగాళ్లను నేను చూశాను. నొప్పి అనేది భుజం చేసే హెచ్చరిక. దాన్ని మూయించి దిగితే పట్టు పడినప్పుడు ఎక్కడ ఆగాలో చేతికి తెలియదు. ఎముక అరుగుదల కొద్దిగానే ఉందని వైద్యుడు చెప్పడం నీకు దొరికిన అదృష్టం. ఒక్క పోటీ కోసం దాన్ని పణంగా పెట్టవద్దని నిన్ను వేడుకుంటున్నాను.

తిరిగి వచ్చేటప్పటికి నీ ఆట తీరు కొంత మారాలి. మధ్య గీతను చేత్తోనే తాకాలన్న నియమం లేదు, శరీరంలో ఏ భాగం తాకినా చెల్లుతుంది. చాలామంది రైడర్లు పట్టు పడగానే తెలియకుండానే చేయి చాస్తారు. దానికి బదులు నడుము దించి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా పెట్టుకుని, కాలిని గీత వైపు జరపడం నేర్చుకో. పడేటప్పుడు చేయి నేలకు ఊనకుండా గడ్డం లోపలికి పెట్టి భుజం వెనుక భాగం మీదుగా దొర్లాలి. ఇది గట్టి నేల మీద కాదు, ఇసుకలోనో పరుపు మీదో నెమ్మదిగా సాధన చేయాలి. ఆపరేషన్ అయ్యేదాకా ఇవేవీ చేయవద్దు, చూసి నేర్చుకుంటే చాలు. పట్టే ఆటగాళ్లకు కూడా నాదొక మనవి: నడుము, తొడ, మడమ పట్టండి, చాచిన చేతిని వెనక్కి విరవకండి.

తుంగభద్ర తీరం (కర్నూలు)

ఆపరేషన్‌కు ముందు కండరాలను బలంగా ఉంచుకుంటే తరువాత కోలుకోవడం సులువు. మీ వైద్యుడి అనుమతితో ఇలా మొదలుపెట్టండి. పలుచటి రబ్బరు బ్యాండు ఒక కొసను కిటికీ ఊచకు మోచేయి ఎత్తులో కట్టండి. మోచేతిని తొంభై డిగ్రీలు వంచి నడుముకు ఆనించి, మధ్యలో చుట్టిన చిన్న తువ్వాలు పెట్టండి. తువ్వాలు జారి పడిందంటే మోచేయి పక్కకు పోయిందని అర్థం. ఇప్పుడు ముంజేతిని తలుపు తెరిచినట్టు మెల్లగా బయటికి తిప్పి, అంతకన్నా మెల్లగా వెనక్కి తీసుకురండి. పది, పదిహేను సార్లు చేసి కాసేపు ఆగి మళ్లీ చేయండి. బయటికి ఎక్కువ దూరం తిప్పవద్దు, జారుతుందన్న భయం మొదలయ్యే చోటుకు ముందే ఆగాలి. మన పల్లెల్లో సైకిలు ట్యూబు ముక్క వాడతారు, అది మొదట్లో మరీ బిగువుగా ఉంటుంది. బలం వచ్చాక వాడవచ్చు. తరువాత గోడకు రెండు అరచేతులూ ఛాతీ ఎత్తులో ఆనించి, మోచేతులు వంచకుండానే వీపును వెనక్కి నెట్టండి. రెక్క ఎముకలు పక్కటెముకల మీద ముందుకు జరగడం మీకే తెలుస్తుంది. భుజానికి పునాది ఆ రెక్క ఎముకే, కానీ దాని కండరాల మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు.

చేయకూడనివి కూడా చెబుతాను. బెంచ్ ప్రెస్, వేలాడే పుల్‌అప్‌లు, తల వెనుక నుంచి బరువు దించడం, బంతి విసరడం మానేయండి. నాన్నగారికి సాయం చేయాలంటే నడుము ఎత్తులో రెండు చేతులతో ఒంటికి దగ్గరగా పట్టుకోగలిగిన బరువే మోయండి. బస్తాను భుజానికి ఎత్తుకోవద్దు, ట్రాక్టరు మీదికి విసరవద్దు.

ఆపరేషన్ తరువాత నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగు, ఆపై కదలిక, మూడో నెల నుంచి బలం, పట్టు ఆటకు సుమారు ఆరు నెలలు అని మనసులో పెట్టుకోండి. తేదీ చూసి మాత్రం దిగకండి. చేయి నొప్పి లేకుండా అన్ని వైపులా తిరగాలి, బలం రెండో చేతిలో కనీసం నూటికి తొంభై వంతులు ఉండాలి, చేయి పక్కకు ఎత్తి వెనక్కి తిప్పి చూసినప్పుడు జారుతుందన్న భయం కలగకూడదు. ఆ మూడూ కుదిరాక ముందు ఒంటరిగా, తరువాత ఒక్క ఆటగాడితో, ఆ తరువాతే ముగ్గురి పట్టుతో సాధన చేయాలి. నాన్నగారికి చెప్పండి: వ్యాయామం మధ్యలో మానకుండా కోలుకున్నవారిలో ఎక్కువమంది పొలం పనులకు తిరిగి వెళ్తారు. బస్తా ఎత్తడానికి కూడా దాదాపు అంతే కాలం ఆగాల్సి ఉంటుంది, కాబట్టి వచ్చే వేరుశనగ కోతకు మరో మనిషిని ఇప్పుడే మాట్లాడుకోమనండి.

తిమ్మమ్మ మర్రి (అనంతపురం జిల్లా)

ఎంపికలకు రావడం లేదని రేపు మా శిక్షకుడికి చెబుతాను. ఆయన ఒప్పుకోకపోతే ఏం చెప్పాలో తెలియడం లేదు.

పెన్నా గట్టు (కడప)

ఎమ్మారై నివేదిక నకలు ఒకటి చేతికివ్వు, వైద్యుడు ఆడవద్దన్న మాటను ఆసుపత్రి చీటీ మీద రాయించుకుని వెళ్లు. అప్పటికీ కాదంటే నాకు ఇక్కడే వ్యక్తిగత సందేశం పంపు. ఒక వ్యాయామోపాధ్యాయుడిగా నేనే ఆయనతో మాట్లాడతాను.